రెండో పొగగది

దయ్యాల కథలు మొదలైన చోట నుంచి లేచి వెళ్లిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. భయంతో కాదు, విసుగుతో. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఎంత దూరం నుంచి చూశారో చెప్పరు, ఎన్ని గంటలకో చెప్పరు, పక్కన ఇంకెవరున్నారో చెప్పరు. మా అమ్మమ్మను ఈ మూడు ప్రశ్నలూ అడిగి రెండుసార్లు మొట్టికాయలు తిన్నాను.

తర్వాత మద్రాసులో మూడేళ్లు యంత్రాల చదువు చదివాను. ఆ చదువు నా విసుగును ఇంకా పెంచింది. అలాంటివాణ్ణి ఇప్పుడు ఇది రాస్తున్నాను. జరిగి మూడేళ్లయింది. చూసినవీ విన్నవీ ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. దూరాలు కొలిచి రాస్తాను, గంటలు నా గడియారం ప్రకారం రాస్తాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర్లో చిత్తూరు వర్తకుడొకాయన కట్టించిన మేడలో నాకు ఉద్యోగం దొరికింది. అది అద్దెలకిచ్చే వ్యాపారపు మేడ. కింద పద్నాలుగు మండీలు: బెల్లం, చింతపండు, శనక్కాయలు, వక్క. పైన పదహారు గదులు: ఇద్దరు వకీళ్లు, ఒక అచ్చాఫీసు, బట్టల టోకు వ్యాపారులు. వెనక పెరట్లో మూడు పొగగదులు. ఇవి కాక రెండు గేట్లు, మెట్ల తలుపు, మిద్దె తలుపు, నా ఆఫీసు. మొత్తం ముప్ఫయ్యెనిమిది తాళాలు.

పొగగది అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పచ్చి అరటి గెలల్ని కిటికీ లేని గదిలో పేర్చి, తలుపు మూసి, సందులన్నీ పేడతో మెత్తుతారు. వెనకగోడకు కింద ఒక కన్నం ఉంటుంది. గోడకవతల నుంచి ఆ కన్నం దగ్గర కుండ పెట్టి, ఎండుగడ్డీ పిడకలూ రాజేసి లోపలికి పొగ ఊదుతారు. ఒక పగలూ ఒక రాత్రీ పొగ పట్టిస్తే కాయ రంగు తిరుగుతుంది. ఆ పొగలో ఎలుక కూడా బతకదు.

ఈ ముప్ఫయ్యెనిమిది తాళాలకూ ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. పేరు చెంగప్ప. అరవై దాటిన వయసు, సన్నటి మనిషి, ఒక చెవికి పోగు. కార్వేటినగరం వాడు. అక్కడి కోటలో వాళ్ల నాయన ధాన్యపు కొట్ల తాళాలు చూసేవాడట. చెంగప్ప తాళంచెవులన్నీ ఒకే తాడుకు కట్టి నడుముకు చుట్టుకునేవాడు. ఒక్కదాని మీదా అంకె లేదు, పేరు లేదు. ఒకదానికి చింతగింజ, ఒకదానికి ఎర్రగుడ్డ పీలిక, ఒకదానికి గవ్వ, ఒకదానికి కొబ్బరి చిప్ప ముక్క కట్టి ఉండేవి. ఏది ఏ తలుపుదో ఆయనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

నన్ను పెట్టుకున్నదే అందుకు. అంతకుముందు చెంగప్పకు జ్వరం వచ్చి రెండు రోజులు మంచం దిగకపోతే మేడంతా వాకిట్లో నిలబడిందట. వకీళ్లు చెట్టు కింద కూర్చుని కాగితాలు రాసుకున్నారట. యజమాని నన్ను పిలిచి, ఒక మనిషి పడుకుంటే మేడ పడుకోకుండా చూడమన్నాడు.

మొదటి రోజే నేను చెంగప్పను పరీక్షించాను. కళ్లకు తుండుగుడ్డ కట్టి, తాడు చేతికిచ్చి, ఒక్కో చెవీ ఏ తలుపుదో చెప్పమన్నాను. ఆరు నిమిషాల్లో ముప్ఫయ్యెనిమిదికి ముప్ఫయ్యెనిమిదీ సరిగ్గా చెప్పాడు. గంతలు విప్పాక నవ్వుతూ, "ఇప్పుడు నీ కండ్లకు కడతా, నీ చదువు పొస్తకాలు తడిమి సెప్పు సూద్దాం" అన్నాడు.

అప్పటి నుంచి నేనాయనకు ఇంజినీరబ్బ, ఆయన నాకు తాత.

తాళంచెవులకు రేకు బిళ్లలు కట్టి తలుపుల పేర్లు రాద్దామని నేననుకున్నాను. యుద్ధం మూలాన ఇత్తడి దొరకదు, మారుచెవులు చేయించడం కుదరదు, కాబట్టి ఉన్నవాటినైనా సక్రమంగా పెట్టాలని నా ఆలోచన. తాత ఒక్క మాటలో కొట్టిపారేశాడు.

"చెవి మింద పేరు రాసేది దొంగకు దోవ సూపించేదే గదప్పా. దారిలో పడిపోతే ఏరుకున్నోడు నేరుగా ఈడికొస్తాడు."

ఆలోచిస్తే ఆయన మాటే సరి. బిళ్లల మీద అంకెలే వేయించి, ఏ అంకె ఏ తలుపుదో వేరే పుస్తకంలో రాసి జేబులో పెట్టుకున్నాను. అద్దాల బీరువాలో మేకులు కొట్టించి చెవులు వరసగా తగిలించాను. ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అన్నదానికి రిజిస్టరు పెట్టాను. మద్రాసులో ఎవరూ నేర్పని సంగతి ఒక చదువురాని ముసలాయన నేర్పాడని అప్పుడే ఒప్పుకున్నాను.

ఒప్పుకోనిది మాత్రం ఒకటి మిగిలింది.

సాయంత్రం తాళాలు వేసేటప్పుడు చెంగప్ప ప్రతి తలుపు దగ్గరా ఆగేవాడు. రెండు అరచేతులూ తలుపుకు ఆనించి, గట్టిగా అడిగేవాడు: "లోపల ఎవురన్నా ఉండారా? తాళమేస్తా ఉండా!" కాస్త ఆగేవాడు. మళ్లీ అడిగేవాడు. మళ్లీ ఆగేవాడు. మూడోసారి కూడా అడిగాకే తాళం పడేది. మండీలకూ అంతే, వకీలు గదులకూ అంతే. అచ్చాఫీసు వాళ్లు కళ్ల ముందే బయటికి వచ్చి నిలబడ్డా సరే, ఖాళీ గదిని మూడుసార్లు అడగాల్సిందే.

ఎందుకని అడిగాను. చెప్పాడు.

"మా నాయన కోటలో ఒక తూరి ధాన్యం కొట్లో పిల్లి ఉండేది సూడకుండా తాళమేసినాడు. దసరా పండగ. తొమ్మిదో దినం తీసినాడు." అక్కడితో ఆపేశాడు. తర్వాత, "పిల్లికైనా పలికేదానికి ఎడం ఇయ్యాల గదా" అన్నాడు.

నేను లెక్క కట్టాను. ఒక్కో తలుపుకూ నిమిషం. ముప్ఫయ్యెనిమిది తలుపులకు రోజూ ముప్ఫయ్యెనిమిది నిమిషాలు. పిల్లి కోసం ఇంత సమయమా అనిపించింది. మనుషుల కోసమైతే ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఉందనిపించింది. మండీల్లో, పొగగదుల్లో పనిచేసే ఆడవాళ్లు ఇరవయ్యారు మంది. వాళ్లకు తలా ఒక రేకు బిళ్ల చేయించాను. బిళ్ల మీద అంకెకు బదులు ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు: చేప, చిలుక, తామర, కత్తెర. పొద్దున వస్తూనే పెరటి గేటు దగ్గర పలక మీది తన బిళ్ల తీసి కొంగున ముడేసుకోవాలి, వెళ్లేటప్పుడు తిరిగి తగిలించాలి. ఇరవయ్యారు మేకులకూ ఇరవయ్యారు బిళ్లలుంటే లోపల ఎవరూ లేనట్టు.

తాత ఆ పలక ముందు చాలాసేపు నిలబడి, "బాగుండాది. అయితే రేకు పలకదు గదా ఇంజినీరబ్బా" అన్నాడు.

మరో రెండు నెలలకు ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. వడమాలపేటలో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోతానంది. వెళ్లే ముందు రోజు ఆయన నా బల్ల ముందు కూర్చుని, బీరువాలోని చెవులన్నీ తెప్పించుకుని, ఒక్కొక్కటీ నా అరచేతిలో పెట్టి దాని గుణం చెప్పాడు. ఇది వానాకాలం అలుగుతాది, ఒక చుక్క ఆముదం పొయ్యి. ఇది కుడికి తిరగదు, తలుపును మోకాలితో నెట్టి తిప్పు. ఇది మంచిది, పాపం ఏమీ అడగదు. నేను పుస్తకంలో రాసుకున్నాను. కూతురిని అత్తారింటికి పంపేవాడిలా ఉన్నాడు మనిషి. రాసుకుంటూ నేను తలెత్తలేదు.

అన్నీ అయ్యాక, "పిలిచేది మాత్రం మానొద్దు నాయనా" అన్నాడు.

"సరే తాతా" అన్నాను.

పన్నెండు రోజులు పిలిచాను. వకీళ్ల గుమాస్తా ఒకడు నా వెనక నిలబడి నన్ను అనుకరిస్తుంటే పదమూడో రోజు మానేశాను. బిళ్లల పలక ఉంది కదా అనుకున్నాను.

ఆ ఎండాకాలం గంగజాతర వచ్చింది. జాతర ఆఖరి రెండు రోజులూ మేడకు సెలవు. సెలవు అయ్యేసరికి పండ్లు సిద్ధంగా ఉండాలని అరటి వ్యాపారి మూడు పొగగదులూ గెలలతో నింపించాడు. ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు పని ముగించాలి. గెలలు పేర్చే పనిలో నాగమ్మ అనే ఆమె ఉంది. నెమ్మదస్తురాలు, ఐదో నెల కడుపుతో ఉంది. ఆమె బిళ్ల గుర్తు చిలుక. ఆమెతో పాటు వాళ్ల ఊరి మునెమ్మ పనిచేసేది. మునెమ్మ నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

తర్వాత విచారించి తెలుసుకున్నది ఇది. రెండో పొగగదిలో గెలలు సర్దుతుండగా నాగమ్మకు కళ్లు తిరిగాయి. గెలల వరస వెనక చల్లగా ఉందని, ఒక్క క్షణం అనుకుని పడుకుంది. నిద్ర పట్టేసింది. వెళ్లే హడావుడిలో ఆమె కనిపించకపోతే, బావి దగ్గర కాళ్లు కడుక్కుని ముందే నడిచి ఉంటుందని మునెమ్మ అనుకుంది. పనిలో ఉన్నప్పుడు జారిపోతుందని నాగమ్మ తన బిళ్లను రోజూ మునెమ్మ కొంగునే ముడేయించేది. కడుపుతో ఉన్న పిల్ల బిళ్ల కోసం మళ్లీ ఇంత దూరం ఎందుకు నడవాలని మునెమ్మ తన చేపతో పాటు నాగమ్మ చిలుకను కూడా మేకుకు తగిలించి వెళ్లింది. ఆ ఆడవాళ్లు మొదటి నుంచీ అలా ఒకరి బిళ్ల ఒకరు తగిలిస్తూనే ఉన్నారట. చేతులు ఖాళీ లేనివాళ్ల బిళ్ల పక్కవాళ్లు తగిలించడం వాళ్లకు మర్యాద. ఆ సంగతి నాకొక్కడికే తెలియదు.

నేను పలక చూశాను. ఇరవయ్యారు. ఒంటిగంటా పది నిమిషాలకు మూడు పొగగదులకూ తాళాలు వేశాను. పిలవలేదు. పొగ పెట్టే ఆయన తలుపు సందులకు పేడ మెత్తి, పెరటి గేటు గుండా బయటికి వెళ్లి, వెనకగోడ చుట్టూ తిరిగి కుండల దగ్గరకు పోయాడు. ఆయన అరక్కోణం వైపు మనిషి, తమిళం తప్ప తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు. ఆయన వెళ్లాక పెరటి గేటుకు నేనే తాళం వేశాను. అంతకుముందే ముందు గేటు కూడా వేశాను. రెండు చెవులూ నా నడుముకే ఉన్నాయి. అంటే ఆ సమయానికి గేట్ల లోపల ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి నాకు తెలిసినంతవరకు.

మేడమీద నా ఆఫీసులోకి వెళ్లి, పొగగదుల చెవులు బీరువాలో తగిలించి, రిజిస్టరు రాయడానికి కూర్చున్నాను. నా కిటికీ పెరటివైపే ఉంటుంది. ఒకటీ ఇరవైకి గోడ అవతల పొగ లేవడం చూశాను.

ఒకటీ ఇరవయ్యారుకు కింద నుంచి చెంగప్ప గొంతు వినిపించింది.

"లోపల ఎవురన్నా ఉండారా? తాళమేస్తా ఉండా!"

నాకు ముందు కలిగింది సంతోషం. ఇది నిజం. జాతరకు తాత వచ్చినట్టున్నాడు అనుకున్నాను. వేసి ఉన్న తాళానికి మళ్లీ తాళమేమిటని నవ్వు కూడా వచ్చింది. కలం పక్కన పెట్టి, ఏమని ఆటపట్టించాలా అని ఆలోచిస్తూ లేచాను.

రెండోసారి పిలిచాడు. అదే గొంతు, 'తాళమేస్తా' అనే చోట అదే సాగదీత. తలుపు దాటి మెట్ల మీదికి వచ్చాను. నాలుగో మెట్టు మీద ఉండగా మూడోసారి వినిపించింది. అప్పుడు తట్టింది నాకు, రెండు గేట్ల చెవులూ నా నడుముకే ఉన్నాయని.

పెరట్లోకి దిగాను. ఎవరూ లేరు. ఆడవాళ్లు గేటు వైపు వెనక్కి జరుగుతూ పెరడంతా నీళ్లు పోసి కడిగి వెళ్లారు. బురద మీద నా చెప్పుల గుర్తులూ, పొగ పెట్టే ఆయన పాదాల గుర్తులూ తప్ప ఇంకేవీ లేవు. ఇది అప్పుడే చూశానని చెప్పను. సాయంత్రం, బయటివాళ్లెవరూ రాకముందు వచ్చి చూశాను. మధ్యలో గందరగోళంలో పడ్డవి తీసేస్తే అవే గుర్తులు చెరగకుండా ఉన్నాయి.

"తాతా!" అని పిలిచాను.

నాకు జవాబు తాత దగ్గర నుంచి రాలేదు. రెండో పొగగది లోపలి నుంచి తలుపు మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వచ్చింది. దగ్గు. తర్వాత ఒక ఆడగొంతు, "ఉండా... ఉండానప్పా..."

ఆ తర్వాతి రెండు నిమిషాలు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. గోడ వైపు తిరిగి కుండలు తీసెయ్యమని అరిచాను. నాకు తెలిసిన తమిళమంతా ఆ క్షణంలో ఎక్కడికో పోయింది. మెట్లెక్కాను. బీరువా అద్దం తెరవకుండానే పగలగొట్టాను. చెవి తెచ్చి తాళంలో పెడితే తిరగలేదు. కుడికి తిరగనిది అదే. మోకాలితో నెట్టి తిప్పాను. పేడ పెళ్లలు ఊడి తలుపు తెరుచుకోగానే పొగ నా మొహాన కొట్టింది. నాగమ్మ తలుపు దగ్గరే నేల మీద పడి ఉంది. రెండు చంకల కిందా చేతులు పెట్టి బయటికి లాగాను.

బావి నీళ్లు మొహాన చల్లితే కళ్లు తెరిచింది. చాలాసేపు దగ్గింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి, "తిరగతాంది... లోపల తిరగతాంది" అని ఏడ్చింది. అది మంచి మాటేనని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

తర్వాత ఆమె అడిగిన మొదటి మాట: "తాత యాడ?"

"ఏ తాత?" అన్నాను.

"చెంగప్ప తాత. పిలిచినాడు గదా! మొదట పిలిచినప్పుడు కలలో మాదిరి ఉండె. రెండోతూరికి కండ్లు తెరిచినా, పొగ. మూడోతూరి పిలిచినప్పుడు గొంతు యాటినుంచి వస్తాందో ఆ పక్కకు పాకినా. చీకట్లో తలుపు యాడుండాదో నాకు తెలీదప్పా. ఆయప్ప గొంతు పట్టుకోనే వచ్చినా."

నేను పిలుపు సంగతి ఆమెతో ఒక్క ముక్క కూడా చెప్పకముందే ఆమె అన్న మాటలివి.

పొగ పెట్టే ఆయన్ను లోపలికి తీసుకొచ్చి అడిగాను. గోడ కన్నం నుంచి రెండో గది తలుపుకు దూరం పద్నాలుగు అడుగులు, తర్వాత టేపుతో కొలిచాను. ఆయన నా అరుపు విన్నాడు. అంతకు ముందు ఏ పిలుపూ వినలేదన్నాడు. ప్రమాణం చేశాడు.

సాయంత్రం సంగతి తెలిసి మునెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నాగమ్మను గుండెకు హత్తుకుని, రెండు చెంపలూ వాయించి, మళ్లీ హత్తుకుంది. "నీ చిలక తగిలించిన చెయ్యి ఇరిగిపోనూ! నిన్నూ నీ బిడ్డనూ నేనే సంపి ఉందును గదే" అని తలబాదుకుంది. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. ఆమె వినిపించుకోలేదు.

ఆ రాత్రి నాకొక అనుమానం పట్టుకుంది. తాత ఎలాగో లోపలికి వచ్చి, నన్ను సిగ్గుపడేలా చేయడానికి దాక్కున్నాడేమో. ఆయన దగ్గర ఇంకో చెవి ఉందేమో. తెల్లవారగానే వడమాలపేట బస్సెక్కాను. బొగ్గు గ్యాసు మీద నడిచే బస్సు. దారిలో రెండుసార్లు ఆగి, బూడిద దులుపుకుని మళ్లీ కదిలింది. ఆగినప్పుడల్లా నేను దిగి, అడగాల్సిన ప్రశ్నల్ని మనసులో వరసగా పెట్టుకున్నాను.

తాత వసారాలో మంచం మీద ఉన్నాడు. మోకాళ్లకు ఏవో ఆకులు కట్టి ఉన్నాయి. గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వెయ్యలేడు. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "జాతర ఇడిసిపెట్టి ఈడికొచ్చినావే, ఏం, తాళాలన్నీ అలిగినాయా?"

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఎక్కడున్నావని అడిగాను. జవాబు ఆయన కాదు, కూతురు చెప్పింది. "ఈడనే! మంగలాయన గడ్డం గీస్తా ఉంటే ఇద్దురూ కొట్లాడుకున్నారు. ఈది జనమంతా సూసినారు."

"ఏమని?"

"ఆయప్ప బర్రె ఈ నెల్లో ఈనదని ఈయప్ప పందెం" అంది.

"ఈనదు," అన్నాడు తాత నిశ్చయంగా. "నాకు బర్రె తెలుసు."

మంగలాయన ఇల్లు అక్కడికి మూడో గడప. వెళ్లి అడిగాను. గడ్డం గీసింది రైలు వెళ్లాక, అంటే ఒకటీ పదికి మొదలుపెట్టి రెండింటికి ముగించానన్నాడు. మధ్యలో తాత ఉలిక్కిపడ్డాడా, కళ్లు మూశాడా, తనలో తాను ఏమైనా గొణిగాడా అని అడిగాను. "గొణిగేదా? అరిసినాడు. అంతా నా బర్రె మిందనే" అన్నాడు.

తిరిగి వచ్చి వసారాలో కూర్చుని జరిగినదంతా తాతకు చెప్పాను. ఎక్కడా దాచలేదు. చెబుతుండగా ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఏ గది?"

"రెండోది."

"కుడికి తిరగని తాళం. నాగమ్మ బాగుండాదా? కడుపులో బిడ్డ?"

బాగున్నారన్నాను. ఆయన కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "తాళమేసేముందు నువ్వు పిలిచినావా?"

"లేదు తాతా. పదమూడో రోజే మానేశాను."

తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, "సంగటి పెట్టు పిల్లా, పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు ఈడు" అన్నాడు. నాతో, "తప్పు చేసినోడు బస్సెక్కి వచ్చి చెప్పుకుంటే ఇంగ తిట్టేదానికి ఏం మిగిలుండాది. తిను" అన్నాడు.

తిన్నాక ఆఖరి ప్రశ్న అడిగాను. ఆ సమయంలో మేడ గురించి ఏమైనా ఆలోచన వచ్చిందా, మనసులో ఏదైనా కలతగా అనిపించిందా.

"దేవుడి తోడు, రాలేదప్పా," అన్నాడు. "మీ మేడ నాకు గుర్తుకే రాలేదు. నాకున్నదంతా బర్రె ధ్యాసే. నేను యాడికీ రాలేదు, ఎవురినీ పిలవలేదు. సెయ్యని పని సేసినానని నేను సెప్పను."

వారం తర్వాత నాగమ్మ తానే వడమాలపేట వెళతానంది. నేనూ వెంట వెళ్లాను. ఆమె చేతిలో గెల నుంచి కోసిన ఒక అరటి అత్తం, పన్నెండు పద్నాలుగు కాయలది, ఉంది. ఆ రెండో గది గెలల్లోనిదే. పొగ ఆగిపోవడంతో ఇంకా పచ్చిగానే ఉంది. దాన్ని తాత మంచం మీద పెట్టి కాళ్లకు మొక్కింది.

"తీసుకోను తల్లీ," అన్నాడు తాత. "పిలిచింది నేను గాదు."

"నీ గొంతు నాకు తెలీదా తాతా?"

"గొంతు నాదే గావచ్చు. నేను గాదు."

"అయితే ఎవురు?"

"అది ఈ ఇంజినీరబ్బను అడుగు, సదువుకున్నోడు గదా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ఆమె విన్నాననడం నిజం, ఎందుకంటే నేనూ విన్నాను. ఆయన పిలవలేదనడం నిజం, ఎందుకంటే వీధి వీధంతా సాక్ష్యం. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన ఎలా నిలబెట్టాలో నాకు తెలియలేదు.

చివరికి తాత అత్తాన్ని వసారా దూలానికి తగిలించమన్నాడు. పిలిచినవాళ్లెవరో తేలాక వాళ్లకిస్తానన్నాడు. నాగమ్మ కోపంగా లేచి వెళ్లబోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆయన మోకాళ్ల మీది ఆకులు జారితే సరిచేసి వెళ్లింది. భాద్రపదంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

ఇన్నాళ్లలో నాకు తోచిన సమాధానాలన్నీ తిరగేశాను. నా మనసులో తప్పు చేశానన్న భావం ఉంది కాబట్టి ఆయన గొంతు నేను ఊహించుకున్నానేమో. అయితే నాగమ్మ ఎందుకు విన్నది? పొగ తలకెక్కి నాగమ్మ ఊహించుకున్నదేమో. అయితే ఆమె తలుపు కొట్టకముందే నేనెందుకు లేచాను? వీధిలో ఇంకెవరో అరిచారేమో. ఇదే ప్రశ్న, ఇవే మాటలు, మూడుసార్లు, మధ్యలో అంతే ఎడం ఇచ్చి, జాతర రోజున మూసిన మేడ పెరట్లో ఎవరు అరుస్తారు? పద్నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఎందుకు వినిపించదు? ఒక సమాధానం పెట్టగానే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఏ వరసలో పెట్టినా ఒకటి మిగులుతూనే ఉంది.

అత్తం దూలానికి తగిలించిన పది రోజులకు ఏదో పని మీద మళ్లీ వడమాలపేట వెళ్లాను. దూలానికి అత్తం లేదు. వసారా అంతా మాగిన వాసన. అన్నీ ఒక్కసారే పండాయని, కుళ్లబెట్టడం ఇష్టంలేక నాయన వీధిలో పోయేవాళ్లనల్లా పిలిచి పంచిపెట్టాడని కూతురు చెప్పింది. ఒక్కొక్కరినీ, "ఆ పొద్దు నాగమ్మను పిలిచింది నువ్వేనా?" అని అడిగి, కాదన్నా సరే చేతిలో పండు పెట్టాడట. మంగలాయనకు మాత్రం రెండు ఇచ్చాడట. బర్రె ఈనింది మరి, పందెం తాత ఓడిపోయాడు.

తాత దిండు కింద నుంచి ఒక పండు తీసి నాకిచ్చాడు. అప్పటికే తోలు సగం నల్లబడింది.

"ఇది నీకు పెట్టినా," అన్నాడు. "పిలిచినందుకు గాదు. పిలవలేదని నిజం సెప్పినందుకు."

అక్కడే కూర్చుని తిన్నాను. తియ్యగా ఉంది. ఆ పెరట్లో మూడుసార్లు పిలిచింది ఎవరో అప్పుడూ నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు.